బొకాషి డబ్బా: అమ్మేవాళ్లు చెప్పేది, మా పెరట్లో జరిగింది

వంటింటి చెత్తను మొక్కలకి వాడుకుందామని చూసేవాళ్లకి ఈమధ్య ఎక్కడ వెతికినా బొకాషి డబ్బాలే కనిపిస్తున్నాయి. నేను కొన్నది కుళాయి ఉన్న రెండు డబ్బాల జత, దాంతోపాటు చెత్త మీద చల్లడానికి సూక్ష్మజీవులతో పులియబెట్టిన తవుడు ప్యాకెట్. వేడి నెలల్లోనూ వాడాం, ముసురు పట్టిన రోజుల్లోనూ వాడాం. కొనబోయేవాళ్లకి అన్నిటికన్నా అవసరమైన మాట ముందే చెప్పేస్తాను. ఈ డబ్బా ఎరువు తయారు చెయ్యదు. అట్టపెట్టె మీద రెండు వారాల్లో ఎరువు సిద్ధం అని రాసి ఉంటుంది కానీ, రెండు వారాలయ్యాక మూత తీస్తే కనిపించేది ఎరువు కాదు. ఎరువుగా మార్చేది మట్టి. డబ్బా పని దానికి ముందుది, చెత్తని గాలి తగలకుండా ఊరబెట్టడం. ఆ ముందు పని మాత్రం చాలా బాగా చేస్తుంది. అందుకే పెరట్లో గానీ తొట్లలో గానీ కూరగాయలు పెంచుకునేవాళ్లని దీన్ని కొనుక్కోమనే చెబుతాను.

పెట్టెలో ఏమేం వచ్చాయంటే, ఒక్కొక్కటి దాదాపు 18 లీటర్లు పట్టే రెండు డబ్బాలు. లోపల అడుక్కి కొంచెం పైన కూర్చునే చిల్లుల పళ్లెం. కింద ఒక చిన్న కుళాయి. రబ్బరు రింగు బిగించిన మూత. చెత్తను అదమడానికి ఒక ప్లాస్టిక్ పలక, ఒక కొలత గ్లాసు. ప్లాస్టిక్ మందంగానే ఉంది, నిండా చెత్తతో ఎత్తినా పిడి వంగలేదు. మొత్తం వస్తువులో ప్రాణం లాంటిది మూత. అది గాలి చొరకుండా కూర్చుంటే మిగతావన్నీ సరిగా జరుగుతాయి, కూర్చోకపోతే ఏదీ జరగదు. నా జతలో రెండు మూతలూ టక్కుమని గట్టిగా పడతాయి. ఎంత గట్టిగా అంటే మా అమ్మకి తీయడం కష్టం. కీళ్ల నొప్పులున్న చేతులకి ఈ మూత పనికిరాదు, తయారుచేసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లే వంట చేసేట్టయితే చుట్టూ నొక్కే మూత కాకుండా పక్క క్లిప్పులతో బిగించే మూత ఉన్న రకం వెతుక్కోండి.

పద్ధతి జపాన్‌ది. తవుడుని పులియబెట్టి పొలానికి వాడుకోవడం అక్కడి రైతులకి ఎప్పటినుంచో అలవాటు. ఒకినావాలోని ర్యూక్యూస్ విశ్వవిద్యాలయంలో ఉద్యాన శాస్త్రం బోధించిన తెరువో హిగా 1980ల తొలినాళ్లలో కొన్ని రకాల సూక్ష్మజీవుల్ని కలిపి ఒక ద్రావణం తయారుచేశారు. ఇప్పుడు దొరికే బొకాషి తవుళ్లలో చాలావరకు ఆ దారిలో వచ్చినవే. తవుడుకి బెల్లపు మడ్డి, నీళ్లు, ఆ సూక్ష్మజీవుల ద్రావణం కలిపి, గాలి తగలకుండా పులియబెట్టి, తర్వాత ఆరబెడతారు. అందులో ముఖ్యమైనవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా, కొన్ని ఈస్ట్‌లు. పాలు పెరుగయ్యేది కూడా ఆ లాక్టిక్ బాక్టీరియా కుటుంబం వల్లే. అవి చెత్తలో ఉన్న చక్కెరల్ని తిని ఆమ్లం వదులుతాయి. ఆ పులుపులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నిలవలేవు. అంటే డబ్బాలో పడ్డ చెత్త కుళ్లదు, ఊరుతుంది.

కంపోస్టుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మామూలు కంపోస్టు కుప్పకి గాలి కావాలి. పచ్చి చెత్తలో నత్రజని ఎక్కువ కాబట్టి దానికి జోడుగా ఎండుటాకుల్లాంటి కర్బనం ఉన్నవి కలపాలి. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలనేది లెక్క. వంటింటి చెత్తలో ఆ నిష్పత్తి 15, 20 దగ్గరే ఆగిపోతుంది, పైగా కూరగాయల తొక్కల్లో 80 శాతానికి పైగా నీరే. అందుకే ఉత్త తొక్కల్నే కుప్పేస్తే ముద్దయిపోయి కంపు కొడుతుంది. ఎండుటాకులు సమృద్ధిగా ఉండి, కుప్పని తిరగేసే ఓపిక, చోటు ఉన్నవాళ్లకి బొకాషి అవసరమే లేదు. మంచి కంపోస్టు కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అది ఇచ్చే ఎరువుకి సాటి లేదు. కానీ మాలాగా ఎండుటాకులు కొన్ని నెలల్లోనే దొరికేవాళ్లకి, పెరడు చిన్నదైనవాళ్లకి ఆ కుప్ప నిలబడదు. ఈ డబ్బాకి ఎండుటాకులు అక్కర్లేదు, తిరగెయ్యక్కర్లేదు. వంటింట్లో సింకు కింద పెట్టుకోవచ్చు.

రోజూ చేసే పని చాలా తక్కువ. కూరలు తరిగేటప్పుడు తొక్కలు, తొడిమలు, గింజలు ఒక చిన్న గిన్నెలో వేస్తాను. రాత్రి వంటిల్లు సర్దేటప్పుడు ఒకేసారి డబ్బాలోకి వెళ్తాయి. మాటిమాటికీ మూత తీస్తే గాలి చొరబడుతుంది కాబట్టి రోజుకి ఒకసారి చాలు, రెండు రోజులకి ఒకసారైతే ఇంకా మంచిది. పెద్ద ముక్కల్ని కత్తితో నాలుగు నరుకులు నరుకుతాను. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం పేరాక పైన గుప్పెడు తవుడు చల్లి, పలకతో గట్టిగా అదుముతాను. ఈ అదమడంలో బద్ధకించకూడదు. ముక్కల మధ్య గాలి గదులు మిగిలిన చోటే బూజు పడుతుంది. అదిమాక పైన ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద పలకని అలాగే వదిలేసి మూత పెడతాను. కవరు సంగతి వాళ్లిచ్చిన కాగితంలో లేదు, కానీ డబ్బా సగమే నిండినప్పుడు లోపల ఉండే ఖాళీ గాలిని చెత్తకి తగలకుండా ఆపేది అదే.

అడుగున ముందుగా ఒక గుప్పెడు తవుడు వెయ్యడం మర్చిపోకండి. వండినవి, మాంసం ముక్కలు, పాల పదార్థాలు వేసినరోజు తవుడు రెట్టింపు చల్లాలి. మామూలు కంపోస్టులో వెయ్యొద్దనే ఈ మూడూ ఇందులో వెయ్యొచ్చు. ఈ డబ్బా కొనడానికి నాకు కనిపించిన గట్టి కారణం అదే. తొక్కల్ని ఎలాగోలా మట్టిలో కలిపెయ్యొచ్చు. తినగా మిగిలి పాడైన కూర, మాంసం, పెరుగు మాత్రం పెరట్లో పడేస్తే ఎలుకలూ కుక్కలూ రాత్రికి రాత్రి తవ్విపోస్తాయి. అవన్నీ చెత్తబండికి వెళ్లి, అక్కడ గాలి ఆడని గుట్టల కింద కుళ్లి మీథేన్ అవుతాయి. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకి పైనే. మన వంటింట్లోంచి పోయే గిన్నెడు చెత్తకి అంత కథ ఉంది. వెయ్యకూడనివి కొన్నే: నీళ్లు, పులుసు లాంటి ద్రవాలు, పెద్ద ఎముకలు, ముందే ఆకుపచ్చ బూజు పట్టినవి. టీ సంచులు కూడా వెయ్యను. చాలా సంచుల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి. చింపి లోపలి పొడి వేస్తాను, సంచి పారేస్తాను.

వాసన గురించే అందరూ అడుగుతారు. మూత పెట్టి ఉంటే వాసన రాదు, ఇది నిజం. తీసినప్పుడు వస్తుంది. ఊరబెట్టిన కూరగాయల పుల్లటి వాసన, కాస్త ఈస్ట్ వాసన. ఘాటుగా ఉంటుంది గానీ ముక్కు మూసుకునే కంపు కాదు. అలా పుల్లగా వస్తోందంటే లోపల అంతా సవ్యంగా ఉన్నట్టు. మురుగు కంపు, కుళ్లిన గుడ్డు కంపు వస్తే గాలి చొరబడిందనో, నీళ్లు దిగక నిలిచిపోయాయనో అర్థం. అప్పుడు నీళ్లు వంచేసి, ఎక్కువ తవుడు చల్లి, గట్టిగా అదిమి మూత చూసుకోవాలి. పండ్ల ఈగలు కూడా అలాంటప్పుడే వస్తాయి. ఇంతకుముందు సింకు పక్కన తెరిచి ఉండే చెత్తబుట్ట మీద ఎప్పుడూ చిన్న ఈగలు ముసిరేవి. ఆ బెడద మా వంటింట్లో పోయింది. ఈ ఒక్క మార్పుకే ఇంట్లోవాళ్లు డబ్బాకి అలవాటుపడ్డారు.

నిండిన డబ్బాని మూతబిగించి రెండు వారాలు నీడలో పక్కన పెట్టాలి. ఆలోగా రెండోది నింపుకుంటాం. జత ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రెండు వారాలయ్యాక మూత తీసి చూస్తే మొదటిసారి చూసేవాళ్లు నిరాశపడతారు. వేసినవి వేసినట్టే ఉంటాయి. క్యారట్ ఆకులు క్యారట్ ఆకుల్లానే, టమాటా తొక్క టమాటా తొక్కలానే కనిపిస్తుంది. రంగు కాస్త వెలిసి, గోధుమ ఛాయ తిరిగి ఉంటుంది. పైపొర మీద తెల్లటి నూగు, దూది పీచులాంటి దారాలు అల్లుకుని ఉంటాయి. అది మంచి బూజు, భయపడక్కర్లేదు. నలుపు, ఆకుపచ్చ, నీలం బూజు కనిపిస్తేనే తేడా జరిగినట్టు. చేత్తో ఒక బంగాళాదుంప చెక్కు తీసుకుని నలిపి చూడండి. చూడ్డానికి గట్టిగా ఉన్నది వేళ్ల మధ్య మెత్తగా జారిపోతుంది. అసలు మార్పు అక్కడ జరిగింది. కణాల గోడలు సడలిపోయాయి. ఇక మట్టిలో పడితే అక్కడి సూక్ష్మజీవులకి నమలక్కర్లేని తిండి.

కుళాయి నుంచి వచ్చే ద్రవం గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. అమ్మేవాళ్లు దీన్నే పెద్ద గొప్పగా చూపిస్తారు, సీసాల్లో పట్టిన ఫొటోలు పెడతారు, మొక్కలకి అమృతం అంటారు. రెండు మూడు రోజులకి ఒకసారి కుళాయి తిప్పితే ఎర్రటి టీ రంగు నీళ్లు వస్తాయి. ఎంత వస్తాయనేది వేసినదాన్ని బట్టి ఉంటుంది. పుచ్చకాయ తొక్కలు, దోసకాయ తొక్కలు వేసిన వారం గ్లాసులకొద్దీ వస్తాయి, ఉల్లి పొట్టు, కాఫీ పిప్పి వేసిన వారం ఏమీ రావు. ఏమీ రాలేదని దిగులుపడకండి, చెత్తలో నీరు తక్కువుందంతే. ఈ ద్రవంలో కొంత పొటాషియం, కొంత నత్రజని ఉంటాయి, నిజమే. దాంతోపాటు ఆమ్లమూ ఉంటుంది, వండినవి వేస్తే ఉప్పూ ఉంటుంది. అందుకే పలచన చెయ్యకుండా ఏ మొక్కకీ పొయ్యకూడదు. ఒక వంతుకి వంద వంతుల నీళ్లు. లీటరు నీళ్లకి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు. తీసినరోజే వాడెయ్యాలి, సీసాలో దాస్తే కుళ్లిపోతుంది.

నేను దీన్ని వంగ, మిరప, బెండ మొక్కల మొదళ్ల దగ్గర, తడి మట్టి మీద పోస్తాను. ఆకుల మీద చల్లను. పచ్చిగా తినే ఆకుకూరల దగ్గరికి అసలు తీసుకెళ్లను. ఇది వంటింటి చెత్త నుంచి కారిన నీరు, అందులో ఏయే క్రిములున్నాయో మనం పరీక్షించి చూడలేదు. బీన్స్‌కి కూడా పొయ్యను, ఆ జాతికి ఉప్పు అస్సలు పడదు. తొట్లలో పెంచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నేలలో అయితే వానకి ఉప్పు కిందికి దిగిపోతుంది, తొట్టిలో పేరుకుంటుంది. తొట్టి అంచున తెల్లటి పొర కనిపిస్తే ఆపేసి, రెండు మూడుసార్లు మంచినీళ్లు కింద చిల్లులోంచి కారేదాకా పొయ్యండి. అమ్మేవాళ్ల కాగితంలో ఈ ఉప్పు మాటే లేకపోవడం నాకు నచ్చలేదు. బాల్కనీలో నాలుగు కుండీలున్నవాళ్లే ఈ డబ్బా ఎక్కువగా కొంటారు, వాళ్లకే ఈ విషయం ముందు తెలియాలి.

ఇక మట్టి పని. ఊరిన చెత్త పుల్లగా ఉంటుంది, దాని పీహెచ్ (పులుపు కొలత, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) 4 దగ్గర్లో ఉంటుంది. వేళ్లకి నేరుగా తగిలితే మాడుస్తుంది. అందుకని పాదుల వరుసల మధ్య జానెడు లోతు, ఇంకా చేతనైతే మూర లోతు కాలవ తీసి, అందులో దీన్ని పరిచి, తీసిన మట్టిలో కొంత దాంతో బాగా కలిపి, మిగతా మట్టి పైన కప్పేస్తాను. మట్టితో కలపడం ముఖ్యం. కలపకుండా పొరలా వదిలేస్తే వారాల తరబడి పుల్లటి ముద్దలానే పడుంటుంది. కలిపిన చోట రెండు వారాలు ఏమీ నాటకూడదు. ఆ తర్వాత నారు పెట్టుకోవచ్చు. విత్తనం వేయాలంటే ఇంకో రెండు వారాలు ఆగుతాను, లేత వేరు పులుపుని ఓర్చుకోలేదు.

ఈ కాలవ తవ్వుతుంటే మా అమ్మ వచ్చి నిలబడి చూసింది. ఆవిడ జీవితమంతా తొక్కల్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చిన మనిషి.

“గోతిలో వేస్తే మట్టే తినేస్తుంది కదే, మధ్యలో ఈ డబ్బా దేనికి?” అంది.

“రోజూ గొయ్యి తియ్యక్కర్లేదమ్మా, రెండు వారాలకి ఒకసారి తవ్వితే చాలు. పైగా కూర మిగిలినా ఇందులో వెయ్యొచ్చు,” అన్నాను.

“అయితే సరే, ఆ వంగ మడి పక్కన తవ్వు, అక్కడ మట్టి గట్టిపడింది,” అని బొరిగె అందించింది.

అమ్మ అడిగింది సరైన ప్రశ్న. రోజూ పూడ్చే ఓపిక, చోటు ఉండి, వండినవి మిగలని ఇంటికి గొయ్యే చాలు, డబ్బా అదనం. ఆవిడ చూపించిన చోటు కూడా సరైనదే. అక్కడే పూడ్చాను. మూడు వారాలు దాటాక అక్కడ తవ్వి చూస్తే ఆ మట్టి బొరిగెకి అడ్డం తగల్లేదు. ముదురు రంగులో, గుల్లగా, వానపడ్డాక నేల నుంచి వచ్చే వాసనతో ఉంది. తొక్కలు, ఆకులు, కాఫీ పిప్పి ఏవీ ఆనవాలు లేవు. మిగిలినవి మొక్కజొన్న కండె, గుడ్డు పెంకులు, ఉల్లిపాయ అడుగు భాగం లాంటి గట్టివి మాత్రమే. వాటి చుట్టూ వానపాములు. పూడ్చిన కొత్తల్లో ఆ పులుపుకి వానపాములు దూరంగా ఉంటాయి, పులుపు తగ్గాక వాటంతటవే వచ్చి చేరతాయి. అవి వచ్చాయంటే ఇక నాటుకోవచ్చని నేను గుర్తు పెట్టుకున్నాను. వానపాములు వచ్చాయని చెబితే అమ్మ స్వయంగా వంగి మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసింది. ముద్దయి, వేలితో తాకగానే విడిపోయింది. తృప్తిగా తలూపింది.

నేల లేనివాళ్లు ఒక పెద్ద తొట్టిలో ఈ పనే చెయ్యొచ్చు. అడుగున నాలుగు వేళ్ల మందం పాత మట్టి, దాని మీద ఒక వంతు ఊరిన చెత్తకి రెండు వంతుల మట్టి చొప్పున కలిపి నింపి, పైన మళ్లీ నాలుగు వేళ్లు ఒట్టి మట్టి కప్పి, వానకి తడవకుండా మూత వెయ్యాలి. మూడు నాలుగు వారాలకి అది మట్టిలో మట్టి అయిపోతుంది. కుండీల్లో పంట అయిపోయి సారం చచ్చిన మట్టి ఉంటుంది కదా, పారెయ్యకుండా ఇందులో వాడుకోండి. నా దృష్టిలో ఈ డబ్బావల్ల బాల్కనీ తోటలకి కలిగే అసలు లాభం ఇదే, కుళాయి నీళ్లు కాదు. పాత మట్టికి మళ్లీ ప్రాణం వస్తుంది, కొత్త మట్టి మోసుకురానక్కర్లేదు.

మొక్కల్లో తేడా కనిపించిందా అంటే కనిపించింది. ఎక్కువగా కనిపించింది వంగలో. పూడ్చిన వరుస పక్కన మొక్కలు ముదురాకుపచ్చగా, దుబ్బుగా లేచాయి. కాపు ఎక్కువ రోజులు నిలిచింది. ఇంకో తేడా నీళ్లలో. ఎండ ముదిరిన రోజుల్లో ఆ మడి తొందరగా వాడలేదు. సేంద్రియ పదార్థం పెరిగిన మట్టి నీటిని పట్టుకుంటుంది కాబట్టి ఇది ఊహించదగ్గదే. మిరపలో పెద్ద తేడా ఏం లేదు. బెండ మామూలుగానే కాసింది. ముల్లంగి, క్యారట్‌ల కోసం పూడ్చొద్దు. నత్రజని ఎక్కువైన చోట ఆకు బలుస్తుంది గానీ దుంప ఊరదు.

టమాటా గురించి విడిగా చెప్పాలి. టమాటా కింది భాగం నల్లబడి కుంగిపోతే కాల్షియం లోపం అని, గుడ్డు పెంకులు మొక్క మొదలు దగ్గర వెయ్యమని చాలామంది చెబుతారు. ఈ డబ్బా అమ్మేవాళ్ల కాగితంలో కూడా ఆ మాటే ఉంది. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, నిజమే. కానీ అది మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది. పైన చెప్పిన కాలవలో మిగిలిపోయిన పెంకులే సాక్ష్యం. పైగా ఆ నల్లమచ్చకి మట్టిలో కాల్షియం లేకపోవడం కంటే నీళ్లు ఒకరోజు ముంచెత్తి మూడు రోజులు మానెయ్యడమే ఎక్కువసార్లు కారణం. కాల్షియం నీటితోనే కాయకి చేరుతుంది, నీరు ఆగితే అదీ ఆగుతుంది. పెంకులు వెయ్యండి, ఎండబెట్టి మెత్తగా పొడిచేసి మరీ వెయ్యండి, వచ్చే ఏళ్లకి పనికొస్తాయి. ఈ ఏటి టమాటాకి మాత్రం మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పి, నీళ్లు క్రమం తప్పకుండా పెట్టండి.

అరటి తొక్కలు నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పొయ్యడం కూడా ఇలాంటిదే. తొక్కలో పొటాషియం బాగా ఉంటుంది, అందులో కొంత నీళ్లలోకి దిగుతుంది కూడా. కానీ మిగతా తొక్కని పారేస్తే చాలావరకు సారం పారేసినట్టే. తొక్క మొత్తాన్ని ముక్కలు చేసి డబ్బాలో వేస్తే ఏదీ పోదు. కాఫీ పిప్పి పుల్లగా ఉంటుందని, మొక్కలకి హాని అని భయపడేవాళ్లూ ఉన్నారు. కాచి వడకట్టాక మిగిలిన పిప్పిలో పులుపు అంతగా ఉండదు, ఆమ్లం చాలావరకు కాఫీలోకే వెళ్లిపోతుంది. పిప్పిని నేరుగా మట్టి మీద మందంగా వేస్తే మాత్రం అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు. డబ్బాలో వేస్తే ఆ ఇబ్బందీ లేదు. పైగా పుచ్చ తొక్కల్లాంటి నీరు వదిలే వాటి మధ్య పిప్పి వేస్తే తేమ పీల్చుకుంటుంది.

లోపాల్లో మొదటిది కుళాయి. టీ పొడి, టమాటా గింజలు చిల్లుల పళ్లెం దాటి కిందికి దిగి అందులో ఇరుక్కుంటాయి. ద్రవం రావడం ఆగిపోతే డబ్బా లోపల అడుగున నీళ్లు నిలిచి, కంపు మొదలవుతుంది. కుళాయి మూతిలోంచి సన్నటి తీగ పోనిచ్చి కదిపితే దారి వస్తుంది. పళ్లెం మీద ముందుగా ఒక పాత వార్తాపత్రిక కాగితం పరిస్తే చిన్న గింజలు దిగవు. రంగుల అట్ట కాగితం వద్దు, మామూలుదే. రెండో తలనొప్పి, కుళాయి మరీ కిందికి ఉండటం. దాని కింద వాళ్లిచ్చిన గ్లాసే పట్టదు. డబ్బాని ఒక ఇటుక మీద పెట్టుకోవాలి, కాస్త ముందుకి వాలేలా వెనక ఒక చెక్కముక్క పెడితే అడుగున మిగిలే నీరు కూడా వచ్చేస్తుంది. అడుగు కుళాయి వైపు వాలుగా ఉండేట్టు తయారుచేసుంటే ఈ అవస్థ లేదు. ఇంత ఆలోచించి మూత చేసినవాళ్లు అడుగు గురించి ఆలోచించకపోవడం బాధగా ఉంది.

నాకొచ్చిన రెండింటిలో ఒకదానికి కుళాయి బిగింపు దగ్గర చుక్క చుక్కగా కారింది. చెత్త వెయ్యకముందే నీళ్లు నింపి రాత్రంతా ఉంచి చూశాను కాబట్టి తెలిసింది. మీరూ అలా చూసుకోకుండా వాడటం మొదలుపెట్టకండి, నిండాక కారితే సింకు కింద చెక్క పాడవుతుంది. అమ్మినవాళ్లకి ఫొటో పంపాను. కొత్త రబ్బరు వాషర్ పంపుతామన్నారు, ఎన్నిసార్లు గుర్తుచేసినా పంపలేదు. చివరికి నీళ్ల కుళాయిలకి వాడే వాషర్ హార్డ్‌వేర్ షాపులో దొరికింది, అది సరిగ్గా సరిపోయింది. వస్తువు బాగున్నా తర్వాత పట్టించుకునే తీరు ఇలా ఉంటే నమ్మకం పోతుంది. ఇప్పుడెవరైనా అడిగితే డబ్బా ఎవరి దగ్గర కొన్నా ముందు విడి కుళాయి, విడి వాషర్ అమ్ముతారా అని అడగమంటున్నాను.

తవుడు అయిపోవడం ఇంకో సంగతి. డబ్బా ఒకసారే కొంటాం, తవుడు కొంటూనే ఉండాలి. ప్యాకెట్ తెరిచాక గాలి తగలకుండా, తడి తగలకుండా డబ్బాలో దాచుకోవాలి. ముక్కిపోయిన వాసన వస్తే అందులో బతికున్నవి తక్కువని అర్థం. ఇంట్లోనే చేసుకోవచ్చు. తవుడుకి, సూక్ష్మజీవుల ద్రావణంలో కొంచెం బెల్లపు మడ్డి, నీళ్లు కలిపి చల్లుతూ కలపాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి కానీ నీరు కారకూడదు, అంత తడి చాలు. సంచిలో గాలంతా తీసేసి బిగించి రెండు వారాలు నీడలో ఉంచి, పుల్లటి వాసన వచ్చాక పలచగా పరిచి ఆరబెట్టాలి. కొన్న తవుడుకీ ఇంట్లో చేసినదానికీ డబ్బాలో తేడా ఏమీ కనిపించలేదు. డబ్బా కూడా అంతే. చేతులు తిరిగినవాళ్లు రెండు పెయింటు బకెట్లు తీసుకుని, ఒకదాని అడుగున చిల్లులు పొడిచి రెండోదానిలో కూర్చోబెట్టి, పైన గట్టి మూత పెట్టుకుంటే పని జరిగిపోతుంది. కుళాయి ఉండదు, పై బకెట్ ఎత్తి కింది నీరు వంచుకోవాలి. బకెట్లు కడిగి, రంగు మిగల్లేదని చూసుకున్నాకే వాడండి.

ఎవరు కొనొద్దంటే, నేల గానీ, మట్టి తొట్టి పెట్టుకునే చోటు గానీ లేనివాళ్లు కొనొద్దు. ఊరిన చెత్త చివరికి వెళ్లాల్సింది మట్టిలోకి, ఆ మట్టి లేకపోతే నిండిన డబ్బాతో ఏం చెయ్యాలో తెలియక టెన్షన్ పడతారు. వంట రోజుకి గుప్పెడు తొక్కలు కూడా రానంత తక్కువైతే 18 లీటర్ల జత పెద్దదైపోతుంది, చిన్న సైజు చూసుకోండి. మా ఇంట్లో నలుగురం, రెండు పూటలా వంట. మాకు ఒక డబ్బా నిండేసరికి పక్కన పెట్టినదాని రెండు వారాలు పూర్తవుతున్నాయి, ఈ లెక్క సరిగ్గా కుదిరింది. ఒకే డబ్బా అమ్మేవాళ్లు ఉంటారు, తీసుకోకండి. మొదటిది ఊరుతున్న రెండు వారాలూ వంటింటి చెత్తంతా మళ్లీ చెత్తబండికే వెళ్తుంది.